చెయ్యి మాత్రం మార్చలేదు

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే పొద్దుటి బస్సులో, ఒక సోమవారం నాకు ఫిట్స్ వచ్చింది. అంతకు ముందు నాలుగేళ్ళు రాలేదు. ఇంక రాదులే అని ధైర్యం పెరిగి, మాత్రలు అయిపోయినా శని ఆదివారాలు అట్లే గడిపేసినాను. సోమవారం సాయంత్రం తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాను. బస్సు ఊరు దాటి టమేటా తోటల మధ్యలోకి వచ్చినాక చెట్ల సందుల్లోంచి ఎండ ఉండుండి కళ్ళ మీద పడతా ఉంది. అంతవరకే గుర్తుంది.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నా తల అక్క ఒళ్ళో ఉంది. ఆమె కుడి చెయ్యి నా నుదుటి మీద ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. పుంగనూరులో నేను డ్రాయింగ్ టీచరుగా ఉన్న ప్రైవేటు స్కూల్లోనే ఆమె లెక్కల టీచరు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఇద్దరమూ మదనపల్లె నుంచే పోయి వచ్చేవాళ్ళం. ఆమె బస్టాండులో ఎక్కి, కిటికీ పక్క సీట్లో హ్యాండుబ్యాగు పెట్టి, నా స్టాపు వచ్చేదాకా ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. భర్తకు బెంగళూరులో ఉద్యోగం, నెలకొకసారి వచ్చి పోయేవాడు. కొడుకు హాస్టల్లో చదువుతుండె. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, ఆ ముక్కాలు గంటలోనే తన రోజంతటి మాటలూ నాతో మాట్లాడేసేది.

నేను తెలివి లేకుండా ఉన్న ఆ కాసేపట్లో ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. వెనక సీటాయన నా చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టినాడంట. ఇంకొకామె ఎర్రగడ్డ కోసి ఆ ఉల్లిపాయ వాసన చూపించమనిందంట. అక్క ఆ గుత్తి తీసి ఆయనకే ఇచ్చేసి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, కొంగుతో నోరు తుడిచింది. కండక్టరు బస్సు ఆపించమంటావా అని అడిగితే, బీపీ పడిపోయింది, పొద్దున టిఫిన్ తినలేదు అని చెప్పింది. లెక్కల టీచరు అంత నిబ్బరంగా చెప్తే ఎవరు మాత్రం నమ్మరు? నా చీర తడిసిందని తన స్వెట్టరు విప్పి నా నడుముకు కట్టింది. పుంగనూరులో దిగినాక స్కూలుకు ఫోన్ చేసి ఇద్దరికీ సెలవు చెప్పి, అటు నుంచి అటే తిరుగు బస్సు ఎక్కించింది.

ఆ తిరుగు ప్రయాణంలో ఆమెకు అన్నీ చెప్పినాను. పదహారో ఏట మొదలైందని. అది దాచిపెట్టి నాకు పెళ్ళి చేసినారని. పెళ్ళయిన ఎనిమిదో నెలలో అత్తగారింట్లో పొయ్యి ముందర పడిపోతే, ఆ వారమే మా అమ్మను పిలిపించి నన్ను ఆమె చేతికి అప్పగించినారని. ఆనాటి నుంచి మా అమ్మ నాకు పెట్టిన షరతు ఒకటే, ఈ మాట గడప దాటకూడదని. మాత్రల డబ్బా మీద చీటీ చించేసి, గ్యాస్ మాత్రలని చెప్పుకుంటా ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినానని.

అక్క అడ్డు రాకుండా విని, "మా తమ్మునికీ ఉండె. నాకు తెలుసు మే," అనింది. తమ్ముని గురించి ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎవరికీ చెప్పొద్దక్కా అన్నాను. "నా నోట్లోంచి రాదు," అనింది.

ఆ తర్వాత నాకు నిజంగానే బరువు దిగినట్టయింది. మా అమ్మ కాకుండా ఇంకో మనిషికి తెలిసింది, ఆ మనిషి నన్ను విడిచి దూరంగా జరగలేదు. అది నాకు చాలా పెద్ద సంగతి. దాన్ని బొమ్మగా వెయ్యాలనిపించింది.

మేముండేది మిద్దె పైన రెండు గదులు. అందులో ముందు గది నాది. మూడడుగులు నాలుగడుగుల కాన్వాసు తెచ్చుకున్నాను. అంత పెద్దది అంతకు ముందు ఎప్పుడూ వెయ్యలేదు. బస్సు సీటు, కిటికీ, ఆ సీట్లో అక్క, ఆమె ఒళ్ళో నిద్రపోతా నేను. ఆదివారం పొద్దున అక్క వచ్చి వంటింటి కుర్చీలో కూర్చునేది. ఒళ్ళో నేనుండాల్సిన చోట దిండు పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చోమనేదాన్ని. దిండుకు ఏమన్నా జ్వరమొచ్చిందా మే, అని నవ్వేది. మా అమ్మ ఉగ్గాని చేసి పెట్టేది. ఏం బొమ్మ వేస్తున్నానో అమ్మకు తెలుసు కానీ, అక్కకు నా జబ్బు సంగతి తెలుసునని మాత్రం తెలియదు. బస్సులో నిద్రపోతున్న బొమ్మ అని చెప్పినాను.

ఆ చేతి మీదనే రెండు నెలలు పట్టింది. నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి చెయ్యి. చాక్‌పీసు పట్టి పట్టి చూపుడువేలి చర్మం బిరుసెక్కింది. ఒకే ఒక ఉంగరం, అది కూడా సబ్బుతో తీస్తే తప్ప రానంత బిగువు. వేళ్ళు కొంచెం విచ్చుకుని, నుదురంతా కప్పి, జుట్టులోకి పోయినట్టు వేసినాను. కిటికీలోంచి పొద్దుటి ఎండ ఆ చేతి మీద పడేట్టు పసుపు, నారింజ రంగులు పెట్టినాను. నా మొహాన్ని అద్దంలో చూసి వేసినాను కానీ, కళ్ళు మూసుకుంటే అద్దంలో కనిపించవు కదా, అందుకని ఫోన్‌లో ఫోటో తీసుకుని చూసి వేసినాను. నిద్రపోతున్న చిన్నపిల్ల మొహం లాగా వచ్చింది. చూసిన ఇద్దరు ముగ్గురూ తల్లీబిడ్డా అనుకున్నారు. నాకు సంతోషమైంది.

బొమ్మ ముక్కాలు భాగం అయిన రోజుల్లోనే కుప్పం ఉద్యోగం సంగతి వచ్చింది. కుప్పం దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూలు. డ్రాయింగ్ టీచరు కావాలన్నారు. జీతం సంగతి పక్కన పెడితే, అక్కడ బొమ్మలకని ప్రత్యేకంగా ఒక హాలు ఉంది. పైకప్పుకు అద్దాలు పెట్టి ఉత్తరం వెలుతురు వచ్చేట్టు కట్టినారు. టీచర్లకు క్వార్టర్సు కూడా లోపలే. ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఆ హాల్లో నిలబడి పైకప్పునే చూస్తా ఉండిపోయినాను. పుంగనూరు స్కూల్లో నేను బొమ్మలు నేర్పేది స్టోరురూములో, క్యారమ్‌బోర్డులూ పాత బెంచీల మధ్యన. ప్రిన్సిపాల్ మేడం నా బొమ్మల ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూసినారు. వారంలో ఉత్తరం పంపిస్తాం, జూన్‌లో చేరేదానికి సిద్ధంగా ఉండండి అన్నారు.

మరుసటి రోజు బస్సులో మొదట అక్కకే చెప్పినాను, క్వార్టర్సులో నేనొక్కదాన్నే ఉండాల్సి వస్తుందని కూడా. ఆమె కాసేపు టికెట్టును మడతలు పెడతా కూర్చుని, "మంచిదే కదా," అనింది. తర్వాత, ఆ స్కూలు ఆఫీసులో తన చిన్నాయన కూతురు పని చేస్తుందని, నా గురించి ఒక మాట చెప్తానని అనింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని వద్దక్కా, వాళ్ళు ఒప్పుకున్నారులే అన్నాను. అయినా చెప్తే మంచిదే అనుకున్నాను లోపల.

వారం పోయింది, రెండు వారాలు పోయినాయి. ఉత్తరం రాలేదు. మూడో వారంలో ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, మేనేజ్‌మెంటు వేరే నిర్ణయం తీసుకుందని చెప్పి పెట్టేసినారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. శనివారం సెలవు పెట్టి పలమనేరులో బస్సు మారి కుప్పం పోయినాను. ఆ స్కూలు గేటు ముందర అరగంట నిలబడితే లోపలికి పంపించినారు.

ప్రిన్సిపాల్ మేడం మంచిగానే మాట్లాడినారు. కాఫీ తెప్పించినారు. ఆమె చెప్పలేక చెప్పలేక చివరికి చెప్పినారు. "మీకు ఆరోగ్యం బాగలేదని ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. జబ్బు గురించి కాదు, మీరు దాచిపెట్టినారు, అదే మాకు బాధ." ముందే చెప్పి ఉంటే తీసుకునేవాళ్ళా అని నేను అడగలేదు. ఎవరు చెప్పినారు అని అడిగినాను. ఆమె కొంచెం తటపటాయించినారు. మీ మంచి కోరి చెప్పిన మనిషే, మీరేమీ అనుకోకండి, మీతో పాటు పని చేసే లెక్కల టీచరు గారు, అని చెప్పినారు. ఆమె ఏడ్చినంత పని చేసిందంట ఫోన్‌లో.

కాఫీ చల్లారిపోయింది. తాగకుండా పెడితే ఏమనుకుంటారో అని ఒక్క గుక్కలో తాగేసి లేచి వచ్చినాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఒకటే లెక్క వేసుకున్నాను. నా సంగతి తెలిసింది డాక్టరూ, వదిలేసిన అత్తగారింటివాళ్ళూ కాకుండా ఇద్దరికే. అమ్మకు, ఆమెకు. పెళ్ళి చేసినప్పుడు అమ్మ నన్ను అడగకుండా దాచింది, ఈమె నన్ను అడగకుండా చెప్పింది. దాచిందీ చెప్పిందీ కూడా నా మంచికే అన్నారు. నా జబ్బు ఊరందరిదీ అయినట్టు, నాది మాత్రం కానట్టు అనిపించింది.

సోమవారం మామూలుగానే అక్క నాకు సీటు పట్టి ఉంచింది. మామూలుగానే కూర్చున్నాను. ఉడకేసిన శెనక్కాయలు తెచ్చింది, తిన్నాను. కుప్పం నుంచి ఏమన్నా తెలిసిందా అని అడిగింది. ఉద్యోగం లేదని చెప్పినారక్కా అన్నాను. "పోనీలే మే. అంత దూరం యాల?" అనింది. నేను ఆమె మొహం వైపు చూసినాను. ఎప్పుడూ ఉండే మొహమే. ఆమె శెనక్కాయ పొట్టు కాగితంలో వేసి, కిటికీలోంచి పారేయకుండా, మడిచి బ్యాగులో పెట్టుకునింది.

ఎందుకు అడగలేదంటే, అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్తుంది, నేను నమ్మేస్తానని భయం. కోపాన్నంతా తీసుకుపోయి బొమ్మ మీద పెట్టినాను.

ఆ ఆదివారం అక్క వస్తానంటే ఒంట్లో బాగలేదని చెప్పి రానివ్వలేదు. కాన్వాసు ముందర కూర్చుంటే, అందులో ఉన్నదంతా అబద్ధంగా కనిపించింది. మొట్టమొదట ఆమె మొహం మార్చినాను. పెదాలు సన్నగా చేసి, కళ్ళు పక్కకు చూస్తున్నట్టు వేసినాను. అయిపోయినాక చూస్తే అది నాటకంలో అత్తగారి మొహం. ఆమె ఎప్పుడూ అట్లా చూడలేదు. గీకే కత్తితో రంగంతా గీకేసి, పాత మొహాన్నే మళ్ళీ తెచ్చినాను.

పై ఆదివారం మొహం జోలికి పోకుండా చుట్టూ చీకటి చేసినాను. కిటికీ బయట మబ్బులు, సీట్ల మీద నీడలు. ఎండను పూర్తిగా చంపేసినాను. సాయంత్రానికి అమ్మ గదిలోకి వచ్చి చూసి, "ఎవురన్నా సచ్చిపోయినారా ఏంది బస్సులో?" అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చినాయి. ఆ బొమ్మలో దుఃఖం ఉంది, అంతే. నాకు జరిగింది దుఃఖం కాదు. అంత వెలుతురులో, అంత మంచి పొద్దున, అంత ప్రేమగా ఉన్న మనిషి దగ్గర జరిగింది.

మూడోసారి ఇంకా తెలివితక్కువ పని చేసినాను. ఆమెను పూర్తిగా తీసేసి, చెయ్యొక్కటే ఉంచినాను. సీటు ఖాళీ, చెయ్యి మాత్రం ఉంది. దెయ్యం బొమ్మ లాగా అయింది. టర్పెంటైన్ గుడ్డతో అదంతా తుడిచేసరికి, కింద ఆరిపోయిన పాత రంగు కనిపించింది. మూడు వారాలకు మళ్ళీ మొదటికే వచ్చినాను.

ఆ మరుసటి రోజే బస్సులో అడిగేసినాను. "కుప్పానికి ఫోన్ చేసినావా అక్కా?"

ఆమె కాదనలేదు. "చేసినాను," అనింది.

"ఏం చెప్పినావు?"

"ఉండేదే చెప్పినాను. రాత్రిపూట గదిలో తోడెవురన్నా ఉండేట్టు సూడమన్నాను. ఉద్యోగం ఇయ్యొద్దని నేను చెప్పలేదు మే."

అప్పుడు తమ్ముని సంగతి చెప్పింది. రామసముద్రం పక్క వాళ్ళ పల్లె. తమ్మునికి పందొమ్మిదేళ్ళు. పొలంలో మోటారు వేసి రమ్మని ఇంట్లోవాళ్ళు పంపిస్తే పోయినాడు. ఎంతసేపటికీ రాలేదని అక్కే వెతుక్కుంటా పోయింది. కాలవలో బోర్లా పడి ఉన్నాడు. నీళ్ళు పాదం మునిగేంత కూడా లేవంట. పక్కన ఒక్క మనిషి ఉండి మొహం తిప్పి ఉంటే బతికేవాడు. ఆ క్వార్టర్సులో నేనొక్కదాన్నే గడియ వేసుకుని పడుకుంటానని చెప్పినప్పటి నుంచి తనకు అదే కనిపిస్తూ ఉందంట.

ఆమె చెప్తా ఉంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చినాయి. అయినా కోపం పోలేదు. "ఆ మాట నాతో చెప్పుండొచ్చు కదా. వాళ్ళతో యాల చెప్పినావు?" అన్నాను.

"నీకు చెప్తే ఇంటావా? పోయేదానివే."

అది నిజమే. పోయి ఉండేదాన్నే. బస్సు పుంగనూరులోకి వచ్చింది. దిగేవాళ్ళు లేచి నిలబడినారు. అక్క బ్యాగు సర్దుకుంటా, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఇంకొకటి కూడా ఉండాది. నీతో అబద్ధం యాల చెప్పాల. నువ్వు పోతే నేనొక్కదాన్నే ఈ బస్సులో ఎట్లా పోయి వచ్చేది అనుకున్నాను. ఫోన్ చేసేటప్పుడు మనసులో రెండూ ఉండె. ఏది ఎక్కువో నాకు తెల్దు."

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. తమ్ముని కథతో ఆపి ఉంటే, నేను వారమో పది రోజులో అలిగి మళ్ళీ ఆమె పక్కన కూర్చునేదాన్ని. భయపడి చేసింది పాపం అనుకునేదాన్ని. కానీ ఆమె లెక్కల మనిషి. సగం లెక్క చెప్పి వదిలిపెట్టే అలవాటు లేదు. నన్ను ఆ సీట్లోనే ఉంచుకునేదానికి నా జబ్బును అడ్డం పెట్టింది, ఆ సంగతి తనకే తెలుసు. మరుసటి రోజు బస్సెక్కి, ఆమె బ్యాగు పెట్టి ఉంచిన సీటు దాటి, వెనక్కు పోయి కూర్చున్నాను. పుంగనూరు వచ్చేదాకా ఆమె ఆ బ్యాగు తియ్యలేదు. నిలబడిన వాళ్ళు ఏమ్మా ఎవరన్నా వస్తారా అని అడుగుతా ఉంటే వినిపిస్తానే ఉంది.

తర్వాత చాలా రోజులు బొమ్మను గోడకు తిప్పి పెట్టేసినాను. ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున, గది ఊడుస్తా దాన్ని ఇటు తిప్పినప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్ళూ ఆమెనే మార్చాలని చూసినాను. బొమ్మలో ఆమె సరిగానే ఉంది. తప్పుగా ఉండేది నేను. ఆ నిద్రపోతున్న చిన్నపిల్ల మొహం. నిద్రలో నేనెట్లా ఉంటానో నాకేం తెలుసు? ఆ రోజు నాకు జరిగింది నిద్ర కాదు, తెలివి తప్పడం. ఎవరి ఒళ్ళోనన్నా అంత నిశ్చింతగా పడుకోవాలని నాకున్న ఆశను తీసుకొచ్చి నా మొహానికి పూసినాను.

కళ్ళు తెరిపించినాను. అంతే చేసినాను. అద్దం ముందర కూర్చుని, తల పక్కకు వాల్చి, నా కళ్ళను చూసుకుంటా వేసినాను. ఏడుపు లేదు, కోపం లేదు. ఊరికే తెరుచుకుని, ఆ వేళ్ళ కింద నుంచి పైకి చూస్తున్న కళ్ళు. మధ్యాహ్నం అన్నానికి అమ్మ పిలిచేలోపల అయిపోయింది. తర్వాత రెండు మూడు రోజులు కిటికీ ఎండలో నారింజ తగ్గించి కొంచెం తెలుపు పెంచినాను. మిగిలినదేదీ ముట్టలేదు.

దూరంగా జరిగి చూసినాను. ఆ చెయ్యి మారిపోయింది. నిద్రపోతున్న నుదుటి మీద ఉన్నప్పుడు అది జోకొడుతున్న చెయ్యి. ఇప్పుడు మెలకువగా ఉన్న మనిషిని లేవకుండా పట్టి ఉంచిన చెయ్యి. వేళ్ళు అవే, ఉంగరం అదే, ఆ పొద్దుటి ఎండే. నేను మూడు వారాలు గీకి తుడిచి తేలేకపోయింది, రెండు కనురెప్పలు ఎత్తితే వచ్చేసింది.

ఆ ఏడాది మదనపల్లెలో ఒక కాలేజీ హాల్లో, చుట్టుపక్కల డ్రాయింగ్ టీచర్లమంతా కలిసి బొమ్మలు పెట్టినాము. నాది ఇదొక్కటే పెట్టినాను. రెండో రోజు కురబలకోట నుంచి వచ్చిన ఒక పెద్దాయన, గొర్రెలు మేపుకునే మనిషి, మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి ఆ బొమ్మ ముందర చాలాసేపు నిలబడినాడు. "ఈ పాపకేమైందమ్మా? యాల అట్లా సూస్తాంది?" అని అడిగినాడు.

ఇరవై ఏళ్ళుగా నా నోట్లో ఏదో ఒక జవాబు తయారుగా ఉంటుంది, గ్యాస్ అనో బీపీ అనో. దాన్నే చెప్పబోయి ఆగినాను. "ఆ పాప నేనే అప్పా. బస్సులో ఫిట్స్ వచ్చింది, అప్పుడే తెలివి వచ్చింది," అన్నాను. పక్కన మా స్కూలు హిందీ టీచరు ఉంది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. పెద్దాయన మాత్రం అట్లనా అని తల ఊపి, మా కోడలికీ ఉండాది, తిరుపతిలో చూపిస్తాండాము అని, ఏ మాత్ర వాడతావు అని అడిగి తన ఫోన్‌లో మనవరాలితో రాయించుకునిపోయినాడు.

సోమవారానికల్లా స్టాఫ్‌రూములో అందరికీ తెలిసింది. ఉద్యోగం తీసేస్తారని అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఇరవై ఏళ్ళు తాను కాపాడిందాన్ని ఒక్క మాటతో పోగొట్టినానని నాతో మాట్లాడలేదు. స్కూలువాళ్ళు ఉద్యోగం తీసెయ్యలేదు. కానీ పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయే టీచర్ల జాబితాలో నా పేరు మళ్ళీ రాలేదు. ఇద్దరు తల్లులు వచ్చి హెడ్మాస్టరుతో ఏదో మాట్లాడి పోయినారు. వాళ్ళ పిల్లలు డ్రాయింగ్ క్లాసుకు రావడం మానలేదు మరి. స్కూలు మెట్ల మీద నేను పడతానేమోనని ఎవరో ఒకరు వెనకనే దిగుతా ఉంటారు, కాకతాళీయంగా అన్నట్టు.

ప్రదర్శన ఆఖరి రోజు, హాలు మూసే ముందర అక్క వచ్చింది. అప్పటికి మేము మాట్లాడుకుని ఏడు నెలలైంది. స్కూల్లో ఎదురుపడితే తప్పుకునిపోయేవాళ్ళం. ఆమె తిన్నగా నా బొమ్మ దగ్గరకే పోయింది. బ్యాగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను వెనక నుంచి పోయి పక్కన నిలబడినాను. తన మొహాన్ని కాదు, ఒళ్ళో ఉన్న నన్ను చూస్తా ఉంది.

"నా చెయ్యి మార్చినావు," అనింది.

"లేదక్కా. చెయ్యి మాత్రం మార్చలేదు. నువ్వు కూర్చున్నప్పుడు వేసిందే అది."

ఆమె నమ్మలేదు. ఇంకా దగ్గరకు పోయి, చూపుడువేలి మీద బిరుసునూ, ఉంగరాన్నీ చూసింది. తర్వాత తన చెయ్యి తీసి చూసుకునింది. క్షమించు అని అడుగుతుందేమో అనుకున్నాను. అడిగితే ఏం చెప్పాల్నో నాకు తెలియదు. అడగలేదు. వాచ్‌మన్ లైట్లు ఆర్పడం మొదలుపెడితే, పోయొస్తాను మే అని పోయింది.

రెండు ఎండాకాలాలు గడిచినాయి. పోయిన జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు బస్సులో అక్క కనిపించలేదు. ఒంట్లో బాగలేదేమో అనుకున్నాను. స్టాఫ్‌రూములో అడిగితే హిందీ టీచరు ఆశ్చర్యపోయింది. ఆమె రాజీనామా ఇచ్చి బెంగళూరు పోయిందంట, భర్త దగ్గరికి. సెలవులు ఇచ్చే ముందురోజు అందరికీ మైసూరుపాకు పంచి చెప్పిందంట. ఆ రోజు నేను టెన్త్ పిల్లల ఎగ్జిబిషన్ సామాన్లు సర్దుతా పక్క బిల్డింగులో ఉన్నాను. నా వాటా స్వీటు నా డెస్కు లోపల పెట్టి పోయింది. నేను చూసుకోలేదు. వేసవంతా డెస్కులోనే ఉండి చీమలు పట్టింది.

ఒంటరిగా పోయి వచ్చేదానికి భయపడి నన్ను పోనివ్వని మనిషి, నాకొక్క మాట చెప్పకుండా తాను పోయింది. ఆమెతో తెంచుకుంది నేనే. ఏడు నెలలు, ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర, వెనక సీట్లో కూర్చుంది నేనే. అయినా ఆ రోజు స్టోరురూములో గడియ పెట్టుకుని, ఉద్యోగం పోయిందని తెలిసి కుప్పం నుంచి వచ్చిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చినాను.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. కొత్త నంబరైనా ఆమెదేనేమో అనిపించి, ఎత్తకుండా పెట్టేద్దామనుకునే లోపల ఎత్తేసినాను. ఎట్లుండావు మే అనింది. బాగుండానక్కా అన్నాను. బెంగళూరులో నీళ్ళ ఇబ్బంది గురించి, కొడుక్కు వచ్చిన ఉద్యోగం గురించి చెప్పింది. మాత్రలు తప్పకుండా ఏసుకుంటాండావా అని అడిగింది. ఏసుకుంటాండాను అన్నాను. ఆ తర్వాత ఆమె, కుక్కరు కూస్తాంది, ఉంటా అని పెట్టేసింది. మళ్ళీ ఇంతవరకూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆమె కొత్త నంబరును పేరు పెట్టి దాచుకోనూ లేదు, తీసెయ్యనూ లేదు.

బొమ్మ ముందు గదిలోనే ఉంది. అమ్మ దాని ముందర కుర్చీ వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటా ఉంటుంది.